మెర్క్యూరియల్ అంటే చపలచిత్తం ఒక్కటేనా?

ఒక మనిషి స్వభావం గురించి రాసే వాక్యంలో వాడడానికి ‘మెర్క్యూరియల్ టెంపరమెంట్’ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగు అడిగారు. నిఘంటువు తీస్తే చపలచిత్తం, చంచల స్వభావం అని ఉంటుంది. తప్పని అనను. కానీ చపలచిత్తుడు అనగానే నిలకడ లేనివాడు, మాట మీద నిలబడనివాడు అని తోస్తుంది. అది పూర్తిగా నింద. మెర్క్యూరియల్‌లో నింద సగమే. మనిషిలో చురుకు, తెలివి, మాటకారితనం ఉండాలి. ఇప్పుడు నవ్వుతూ ఉండి మరుక్షణం మండిపడాలి. అప్పుడే ఆ మాట అతికినట్టు సరిపోతుంది.

ఆ మెచ్చుకోలు పుట్టుకతోనే వచ్చింది. రోమన్ల మెర్క్యురీ వర్తకానికి, మాటనేర్పుకు, ప్రయాణాలకు దేవుడు. దొంగలకూ ఆయనే దిక్కు. బుధగ్రహానికి ఆయన పేరే పెట్టారు. ఆ గ్రహ ప్రభావంలో పుట్టినవాళ్లు చలాకీగా, గడుసుగా ఉంటారని యూరప్ జ్యోతిష్కులు నమ్మేవారు. జూపిటర్‌కి (గురుగ్రహం) ఉన్న జోవ్ అనే మరో పేరు నుంచి జోవియల్ (ఉల్లాసంగా ఉండే), శాటర్న్ (శని) నుంచి శాటర్నైన్ (ముభావంగా ఉండే) వచ్చింది కూడా ఇలాగే. మన జ్యోతిష్యంలోనూ బుధుడు బుద్ధికి, వాక్కుకు, వ్యాపారానికి కారకుడు. పైగా శుభగ్రహాలతో కలిస్తే శుభుడు, పాపగ్రహాలతో కలిస్తే పాపి! రెండు సంప్రదాయాలూ ఇంత దగ్గరగా రావడం నాకెంతో ఇష్టమైన విషయం.

ఇంగ్లీషులో మెర్క్యురీ అంటే పాదరసం కూడా కాబట్టి ‘పాదరసం లాంటి మనిషి’ అని ఒకరు సూచించారు. వినడానికి బాగుంది. అయితే ‘వాడి బుర్ర పాదరసం’ అంటే మనకు చురుకే గుర్తొస్తుంది, కోపతాపాల ఊసు రాదు. అంటే మన పాదరసం ఆ ఇంగ్లీషు మాటకున్న పాత అర్థం దగ్గర ఆగింది.

క్రికెట్ రాతల్లో పాకిస్తాన్ జట్టుకు ఈ విశేషణం తరచూ వాడతారు. 1992 ప్రపంచ కప్పులో ఆ జట్టు అడిలైడ్‌లో ఇంగ్లండ్ మీద 74కే ఆలౌటై, వాన పడి మ్యాచ్ రద్దవడంతో ఒక పాయింటుతో బయటపడింది. తర్వాత మెల్‌బోర్న్ ఫైనల్లో అదే ఇంగ్లండ్‌ను 22 పరుగులతో ఓడించింది. ఇలాంటి జట్టును చపలచిత్తం గలది అంటే ఏం బాగుంటుంది? ‘ఏ రోజు ఎలా ఆడుతుందో తెలియని మెరుపు జట్టు’ అనాలి.

దీనికి దగ్గరగా కనిపించే ఇంగ్లీషు మాటల్లో ఫికిల్ వేరు. అది ఇష్టాలు, అభిమానాలు మార్చేవాళ్ల గురించి. మూడీలో ముభావం, దిగులు ఎక్కువ.

మెర్క్యూరియల్ బాస్ అని రాయాల్సి వస్తే మాత్రం సంస్కృత శ్లోకమే గుర్తొస్తుంది: ‘క్షణే రుష్టాః క్షణే తుష్టాః’. అంటే క్షణంలో కోపం, క్షణంలో సంతోషం. అలాంటి చిత్తం గలవాళ్ల దయ కూడా భయంకరమే అంటుంది శ్లోకం రెండో సగం. ఆఫీసు టెన్షన్ అంతా అందులోనే ఉంది.

మీ వాక్యానికి నేనైతే ‘మహా చురుకైనవాడు, కానీ క్షణానికో తీరు’ అని రాస్తాను. ఒక్క పదంలోనే కావాలంటే చంచలుడు నయం, చపలచిత్తుడు వద్దు.