పది నెలలుగా రోజూ నడుస్తున్నా షుగర్ అంకె తగ్గడం లేదు, 47 ఏళ్ల వయసులో ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

పెదవాల్తేరు నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 47 సంవత్సరాలు. ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను, కాబట్టి ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా కుర్చీలోనే గడిచిపోతుంది. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 79 కిలోలు, బొడ్డు దగ్గర కొలిస్తే నడుము చుట్టుకొలత 99 సెంటీమీటర్లు. నిరుడు హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చినప్పుడు డాక్టరుగారు ఇది ఇంకా మధుమేహం కాదని, దాని గుమ్మం దాకా వచ్చానని చెప్పి, మందులేవీ రాయకుండా నడక మొదలుపెట్టమన్నారు.

ఆ మాట పట్టుకుని పది నెలలుగా బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర బయలుదేరి, కురుసుర జలాంతర్గామి మీదుగా పార్కు హోటల్ వైపు వెళ్లి వెనక్కి వస్తున్నాను. వారానికి ఆరు రోజులు, రోజుకు సుమారు యాభై నిమిషాలు. వానాకాలంలో కూడా పెద్దగా మానలేదు. అయినా మొన్న చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2, పరగడుపు షుగర్ 112 వచ్చాయి. బరువు కిలో కూడా తగ్గలేదు.

దాచుకోకుండా తిండి సంగతీ చెబుతాను. నడక అయ్యాక మిత్రులం నలుగురం కలిసి ఇడ్లీ, వడ గానీ ఉప్మా పెసరట్టు గానీ తిని, టీ తాగి ఇళ్లకు వెళతాం. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం, పప్పు, ఒక వేపుడు, ఆవకాయ, పెరుగు ఉంటాయి. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ అన్నమే. ఆదివారం వంజరం చేప వేపుడు తప్పనిసరి. ఈమధ్య టీలో పంచదార మానేసి అనకాపల్లి బెల్లం వేసుకుంటున్నాను.

అన్నం పూర్తిగా మానేయాలా? ఈ వయసులో జిమ్ముకు వెళ్లడం అవసరమా? మరొక సంగతి కూడా ఉంది. గత ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తే మోకాళ్లు వాచి పది రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. రోజూ నడిచేవాడికి అలా ఎందుకు జరిగిందో నాకు అర్థం కాలేదు.

శివాజీపాలెం పాత కాపు

పెదవాల్తేరు వారికి నమస్కారం. నాకు ఇప్పుడు 54. ఆరేళ్ల కిందట అచ్చం మీ అంకెలే నావి కూడా, కనుక కొంత చనువుగా రాస్తున్నాను. ముందుగా, ఫలితం లేదనుకుని నడక మాత్రం ఆపకండి. ఈ వయసులో హెచ్‌బీఏ1సీ ఏటికేడాది పైకి పాకడమే ఎక్కువమందిలో కనిపిస్తుంది. అది 6.1 దగ్గర నుంచి 6.2 దగ్గరే ఆగిందంటే మీ నడకకూ అందులో కొంత వాటా ఉండి ఉంటుంది.

ఇక అసలు చిక్కు ఆ టిఫిన్ దగ్గర ఉందని నా అభిప్రాయం. మీ బరువున్న మనిషి కబుర్లు చెప్పుకుంటూ యాభై నిమిషాలు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. నాలుగు ఇడ్లీలు, రెండు వడలు, తీపి టీ కలిస్తే దానికి రెండింతలు దాటుతుంది. ఇంటికి వెళ్లాక మీరు మళ్లీ ఏమైనా తింటారో లేదో రాయలేదు. నేనైతే ఇంట్లో వాళ్లు నొచ్చుకుంటారని అక్కడ కూడా రెండు దోసెలు తినేవాణ్ని! నడక వేగం కూడా చూసుకోండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఆ వేగంతో చేసే నడక గురించే. నిమిషాల లెక్కలో మీకు లోటు లేదు, వేగం లెక్కలోనే అనుమానం.

అన్నం మానవలసిన అవసరం లేదు, కానీ కొలవవలసిన అవసరం చాలా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల్లో 2,000 కేలరీల రోజువారీ భోజనానికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం వంటివి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు అని ఉంది. ఆ 250 గ్రాములు వండని గింజల లెక్క, అందులోనే మీ ఇడ్లీ, ఉప్మా రవ్వ కూడా వచ్చేస్తాయి. నేను మొదటిసారి బియ్యాన్ని తూకం వేసి చూసుకున్నప్పుడు రెండు పూటలకే 300 గ్రాములు దాటింది, కూరలు మాత్రం అన్నీ కలిపినా 150 గ్రాములు లేవు. మన భోజనంలో కూర అన్నానికి నంజుడుగా మారిపోయింది, దాన్ని తిరగేయాలి. బీరకాయ, ఆనపకాయ, గోరుచిక్కుడు, తోటకూర ఏదైనా సరే, ముందు ఒక గిన్నెడు కూర, పప్పు తిని, ఆ తరువాత అన్నం కలుపుకుంటే తిన్న వెంటనే షుగర్ ఎగబాకడం తగ్గుతుంది. పళ్లెంలోని పదార్థాలు అవే, తినే వరుస మాత్రమే మారుతుంది.

మాంసకృత్తుల లెక్క కూడా చూడండి. మీ ఎత్తుకు తగిన బరువు 65 కిలోల చిల్లర అనుకుంటే, కిలోకు 0.83 గ్రాముల చొప్పున రోజుకు దాదాపు 55 గ్రాములు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, ముప్పై గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పులో 7 గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటాయి. విశాఖలో ఉండి చేపను ఆదివారం వంజరం వేపుడుకే పరిమితం చేయడం నాకు బాధగా ఉంది. కవళ్లు, కానాగంతలు వంజరం కన్నా ఎంతో చౌక, గుండెకు మేలు చేసే కొవ్వు వాటిలో దండిగా ఉంటుంది, పులుసు పెడితే నూనె కూడా తక్కువే పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో మేము గుడ్లు, ఉడికించిన శనగలతో సరిపెట్టుకుంటాం.

చివరగా ఒక చిన్న పరీక్ష. నెలకు మీ ఇంటికి ఎన్ని లీటర్ల నూనె వస్తుందో, తినేవాళ్లు ఎందరో లెక్క వేసి ఇక్కడ రాయండి.

చోడి అంబలి

నాది అనకాపల్లి దగ్గర పల్లె, ఉద్యోగం నగరంలో. పై పెద్దాయన చెప్పినంత తూకాలు, లెక్కలు అవసరం లేదనుకుంటాను. మా తాతలు ఉదయం చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం గంటె (సజ్జ) అన్నం తిని పొలం దున్నారు, వాళ్లకు ఈ షుగర్ ఊసే లేదు. నేను రెండేళ్లుగా తెల్ల అన్నం మానేసి కొర్రలు, సామలు, చోళ్లు మాత్రమే తింటున్నాను. తొమ్మిది కిలోలు తగ్గాను. మీరు కూడా ధైర్యంగా మానేయండి, నెల రోజుల్లో అలవాటైపోతుంది. బెల్లం మాత్రం మంచిదే, పంచదారలా రసాయనాలతో శుద్ధి చేసింది కాదు కదా.

ఎంవీపీ కాలనీ ఉపాధ్యాయిని

చోడి అంబలి గారూ, మీరు బరువు తగ్గినందుకు అభినందనలు. కానీ రెండు మాటలు సరిదిద్దవలసి ఉంది. అనకాపల్లి బెల్లం మన ప్రాంతానికి గర్వకారణమే అయినా, అందులో ఎక్కువ భాగం ఉన్నది పంచదారలో ఉన్న చక్కెరే. రోజుకు మూడు టీలు తాగేవారికి బెల్లం వల్ల షుగర్ విషయంలో కలిసివచ్చేది ఏమీ లేదు. చోళ్ల విషయంలో, వంద గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న ధాన్యం మనకు మరొకటి లేదు కనుక నేనూ తింటాను. అయితే మెత్తటి పిండిని అంబలి కాచి గ్లాసులకొద్దీ తాగితే అది కూడా త్వరగానే జీర్ణమై షుగర్‌ను పెంచుతుంది. ముద్దగానో రొట్టెగానో చేసి, పక్కన ఆకుకూర పెట్టుకుని తినడం మేలు. మీ తాతగారిని కాపాడిన దానిలో గంటె అన్నం పాలు ఎంతో, నాగలి పాలు ఎంతో ఎవరూ తూచి చెప్పలేరు.

మరొక మాట, ఇది వంటింటి వైపు నుంచి. మా ఇంట్లో ఒక ఏడాది పాటు ఆయనకు కొర్రలు, పిల్లలకు అన్నం, అత్తగారికి మెత్తటి జావ, ఇలా మూడు వంటలు వండాను. బడి నుంచి వచ్చి అలా వండడం నా వల్ల కాలేదు, ఆయన నియమమూ నిలవలేదు. ఇప్పుడు అందరికీ ఒకే వంట. కూరలు రెండు, అన్నం తక్కువ, వేపుడు వారానికి రెండుసార్లు. పెదవాల్తేరు వారూ, మీరు ఏ నియమం పెట్టుకున్నా కూరగాయలు తరిగే పనిలో సగం మీరు తీసుకోండి. గోరుచిక్కుడు ఈనెలు తీయడానికి ఎంత సేపు పడుతుందో తెలిశాక దాన్ని పళ్లెంలో వదిలేయరు.

ఇక మీ మోకాళ్ల సంగతి. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. రోజూ సముద్రం పక్కన సమతలంగా ఉన్న దారిలో యాభై నిమిషాలు నడిచే కాళ్లను ఒక్కసారిగా అంత దూరం నడిపించారు. దానికి తోడు ముప్ఫై ఏళ్లు దాటాక ఎవరికైనా కండ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది, నడక ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు. తొడ కండరాలు బలహీనంగా ఉంటే ఆ భారమంతా మోకాలి మీదే పడుతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా తీసుకునేది కూడా కండరాలే కనుక మీ రెండు సమస్యలకూ మూలం ఒకే చోట ఉండవచ్చు. అందుకే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామం కూడా చేయమంటారు.

జిమ్ము తప్పనిసరి కాదు. నేను నెలసరి ఆగిపోయే వయసులో ఎముకల కోసం ఒక జిమ్ములో చేరితే, మొదటి వారంలోనే ఎక్కువ బరువులు ఎత్తించారు. భుజం పట్టేసి రెండు నెలలు బోర్డు మీద రాయలేకపోయాను. ఆ తరువాత ఇంట్లోనే మొదలుపెట్టాను. చేతుల ఆసరా లేకుండా కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి తోయడం పదిసార్లు, మెట్టు అంచున మడమలు ఎత్తి దించడం పదిహేనుసార్లు, మధ్యలో కాస్త ఆగి మూడు విడతలు. అది తేలికైపోయాక రెండు లీటర్ల నీళ్ల సీసాలు చేతుల్లో పట్టుకుని చేశాను. మీకు రక్తపోటు గానీ, ఛాతీలో ఇబ్బంది గానీ ఉంటే ముందు డాక్టరును అడగండి. వచ్చే ఆషాఢానికి మళ్లీ వెళ్లాలనుకుంటే రెండు నెలల ముందు నుంచే వారానికి ఒక రోజు దూరం పెంచుకుంటూ రండి, మధ్యలో సింహాచలం మెట్లదారి కూడా ఎక్కి చూడండి.

గాజువాక షిఫ్టు మనిషి

అందరూ ఉదయం గురించే రాశారు. ఈయన రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిని ఎన్నింటికి పడుకుంటున్నారో, తెల్లవారుజామున నడకకు ఎన్నింటికి లేస్తున్నారో ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్లుగా షిఫ్టుల్లో పనిచేస్తున్న నాకు నిద్ర తగ్గిన వారమల్లా ఆకలి పెరగడం, తీపి మీదకు మనసు పోవడం అనుభవమే. ఏడు గంటల నిద్రను కోసుకుని చేసే నడక వల్ల లాభం సగమే. ఆ యాభై నిమిషాల్లో ఇరవై తగ్గించి, రాత్రి భోజనం కాగానే పదిహేను నిమిషాలు వీధిలో నడవండి, తిన్న వెంటనే నడిస్తే షుగర్ మీద ప్రభావం బాగా కనిపిస్తుంది. వీలైతే సాయంత్రం ఆరున్నరకు ఆఫీసులోనే గుప్పెడు వేరుశెనగలో, మజ్జిగో తీసుకుంటే రాత్రి అన్నం దానంతట అదే తగ్గుతుంది.

పెదవాల్తేరు నివాసి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాత్రి పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తున్నాను. గాజువాక వారు అడిగేదాకా అది తప్పని నాకు తోచనే లేదు.

నూనె లెక్క వేశాం. నెలకు ఐదు లీటర్లు, తినేది ముగ్గురం. లీటరు 910 గ్రాముల చొప్పున మనిషికి రోజుకు యాభై గ్రాములు తేలింది, అంటే నూనె నుంచే 450 కేలరీలు. ఇందులో బయటి వడల నూనె కలపలేదు. రోజంతా లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నవాణ్ని, ఈ లెక్క ఇన్నాళ్లూ వేయలేదు. ఎంవీపీ ఉపాధ్యాయిని గారి జవాబును మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. నిన్న గోరుచిక్కుడు ఈనెలు నేనే తీశాను, అరకిలోకు నలభై నిమిషాలు పట్టింది.

ఒక్క సందేహం మిగిలింది. బరువు ఎంత తగ్గితే షుగర్‌లో తేడా తెలుస్తుంది, మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

శివాజీపాలెం పాత కాపు

అమెరికాలో మీలాగే గుమ్మం దగ్గర ఉన్నవారితో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం అన్నవి అక్కడ పెట్టుకున్న లక్ష్యాలు. ఆ దారిలో నడిచినవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. చెన్నైలో మన దేశీయులతో చేసిన అధ్యయనంలో ఆ తగ్గుదల 28.5 శాతమే, అయినా అది చిన్నదేమీ కాదు. మీకు 7 శాతం అంటే అయిదున్నర కిలోలు. నెలకు కిలో చొప్పున చాలు, తొందరపడకండి. నడుము కొలత కూడా రాసి పెట్టుకోండి, మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దుగా చెబుతారు. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది కనుక మూడు నెలలకు ముందు చేయించడం డబ్బు దండగ.

పెదవాల్తేరు నివాసి

అలాగేనండీ. టిఫిన్ సంగతి ఈ ఉదయమే మిత్రులతో చెప్పాను, ఇకపై ఆదివారం ఒక్కరోజే అని. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన మాత్రం, టిఫిన్ లేకపోతే తాను ఇన్నాళ్లూ నడకకు ఎందుకు వచ్చినట్టని అడిగారు.