మేనేజ్‌మెంట్ అసైన్‌మెంట్ కేసు మళ్ళీ వెనక్కి వచ్చింది, ఎవరైనా చెప్పండి

ఎమ్మెస్సీ రెండో ఏడు:
మధ్యాహ్నం నుంచి ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నా, ఒక్క పేరా కదలట్లేదు. నర్సింగ్ మేనేజ్‌మెంట్‌లో ప్రాబ్లమ్ సాల్వింగ్ కేసు రాయాలి, క్లినికల్‌లో నిజంగా జరిగిందే అవ్వాలన్నారు. నైట్ షిఫ్టులో ఒక స్టాఫ్ సిస్టర్ వైటల్స్ (జ్వరం, నాడి, శ్వాస, బీపీ లాంటి కొలతలు) తీయకుండానే చార్టులో రాసేశారు, నేను చూశాను. దాని మీద ఎథిక్స్ సూత్రాలు అటానమీ (పేషెంట్ ఇష్టం), బెనిఫిసెన్స్ (మేలు చేయడం), నాన్ మాలెఫిసెన్స్ (హాని చేయకపోవడం), జస్టిస్ (న్యాయం) నాలుగూ రాశాను. లీడర్‌షిప్ స్టైల్స్ రాశాను. పాత పద్ధతిని ఎలా మార్చాలో చెప్పే లెవిన్ చేంజ్ థియరీ కూడా పెట్టాను. మేడమ్ చదివి "ఇది డైలమా కాదు, అసలు ప్రాబ్లమ్ ఏంటో నీకు తెలీలేదు" అని ఇచ్చేశారు. ఇంకేం రాయాలి? ఎల్లుండి సబ్మిషన్, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి దగ్గరైనా ఫార్మాట్ ఉంటే పెట్టండి ప్లీజ్.

నైట్ డ్యూటీ:
ఏ వార్డు? ఎంతమంది పేషెంట్లు? సిస్టర్ ఒక్కరేనా? అప్పుడు మీరు అక్కడ ఏం చేస్తున్నారు? ఇవి చెప్పకుండా ఫార్మాట్ ఇస్తే ఏం లాభం.

పాత ఇన్‌ఛార్జి:
సిస్టర్‌ని తప్పు పట్టే ముందు ఆ రాత్రి డ్యూటీ రోస్టర్ చూడండమ్మా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నార్మ్ ప్రకారం టీచింగ్ హాస్పిటల్లో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు హాస్పిటల్లో ఐదుగురికి ఒకరు. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ లెక్క తీసుకున్నా జనరల్ వార్డులో ఆరుగురికి ఒకరు. నలభై మందికి ఒక్కరే ఉంటే, అందరికీ నాలుగు గంటలకోసారి టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్), బీపీ తీసి, ఇంజెక్షన్లు ఇచ్చి, డ్రిప్పులు చూసి, ఎమర్జెన్సీ వస్తే పరిగెత్తడం ఎవరివల్లా కాదు. నా సర్వీసంతా ఇదే మొత్తుకున్నాను. ముందు ఆ నార్మ్ అమలు చేయమనండి, ఎథిక్స్ తర్వాత.

ట్యూటర్ మేడమ్:
మీ గైడ్ చెప్పింది కరెక్టే. డైలమా అంటే రెండు దారులకూ నైతికంగా బలం ఉండి, ఏది ఎంచుకున్నా ఇంకోదాన్ని వదులుకోవాల్సి రావడం. తీయని రీడింగ్ రాయడం తప్పని అందరికీ తెలుసు, అందులో రెండో వైపే లేదు. ఏది సరైనదో తెలిసి కూడా సంస్థ పరిస్థితుల వల్ల చేయలేకపోవడాన్ని మోరల్ డిస్ట్రెస్ అంటారు. 1984లో ఫిలాసఫర్ ఆండ్రూ జేమ్‌టన్ ఈ రెంటినీ విడదీసి చెప్పారు. ముందు ఇది సరిచేసుకోండి.

పాత ఇన్‌ఛార్జి:
ఆ సిస్టర్‌కి అది డైలమా కాదా మేడమ్? నలుగురికి సరిగ్గా చూడాలా, నలభై మందినీ పైపైన చూడాలా అన్నది ఆవిడ ముందున్న ప్రశ్న.

ట్యూటర్ మేడమ్:
ఎవరిని ముందు చూడాలన్నది డైలమా కావచ్చు. చూడనివాళ్ళకి అంకె రాయడం కాదు. ఖాళీ వదిలి, "తీయలేదు" అని కారణంతో రాయొచ్చు కదా.

లండన్ సిస్టర్:
ఏ వైటల్ రాశారో కూడా చెప్పండి. రెస్పిరేషన్ (నిమిషానికి ఎన్ని శ్వాసలో) అయితే చాలా సీరియస్. మన దగ్గర ఎవరి చార్టు చూసినా ఇరవయ్యే ఉంటుంది. పేషెంట్ పరిస్థితి దిగజారడాన్ని ముందే పట్టడానికి ఇక్కడ మేం వాడే న్యూస్ టూ స్కోరులో 12 నుంచి 20 దాకా సున్నా, 21 నుంచి 24 దాకా రెండు, 25 గానీ ఆపైన గానీ ఉంటే మూడు. ఒక్కదాంట్లో మూడు వచ్చినా వెంటనే డాక్టర్ని పిలవాలి. లెక్కపెట్టకుండా 20 అని రాస్తే పేషెంట్ బాగున్నట్టు అందరికీ చెప్పినట్టే.

థీసిస్ గోల:
ఇదే టాపిక్ డిజర్టేషన్‌కి తీసుకుంటారా? అయితే ఎథిక్స్ కమిటీ అప్రూవల్ రాకముందు చూసినవి డేటాగా వాడొద్దు. ఐసీఎంఆర్ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్) 2017 గైడ్‌లైన్స్ చదవండి.

ఎమ్మెస్సీ రెండో ఏడు:
డిజర్టేషన్ కాదు సర్, అసైన్‌మెంటే. సర్జికల్ వార్డు. ముప్పై పైనే పేషెంట్లు, నైట్ ఒక్క సిస్టరే. నాది మేనేజ్‌మెంట్ పోస్టింగ్, ఆ షిఫ్టుకి ఇన్‌ఛార్జిగా నన్నే పెట్టారు. పేషెంట్‌కి బవెల్ రిసెక్షన్ (పేగులో కొంత భాగం తీసే ఆపరేషన్) అయిన రెండో రోజు. అక్క రెస్పిరేషన్ 20 రాశారు. నాకు డౌట్ వచ్చి నిమిషం లెక్కపెడితే 28 ఉంది. డ్యూటీ డాక్టర్‌కి చెప్తే చూసి ఐసీయూకి మార్చారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. అక్క నాకు బీఎస్సీలో సీనియర్, చాలా సాయం చేసింది. చార్టు గురించి ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇదంతా కేసులో రాయాలా?

నైట్ డ్యూటీ:
ఇదే కేసు. మొదటే చెప్పాల్సింది.

గోదావరి సిస్టర్:
తల్లీ, నీ డైలమా ఇక్కడుంది. చార్టులో తప్పు రాయడం దగ్గర కాదు, ఆ షిఫ్టు ఇన్‌ఛార్జిగా నువ్వేం చేయాలన్న దగ్గర. ఒక వైపు పేషెంట్ భద్రత, రికార్డులో నిజం. ఇంకో వైపు నీకు సాయం చేసిన మనిషి, ఒంటరిగా ముప్పై మందిని మోస్తున్న మనిషి.

ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌లో "సిస్టర్ నిర్లక్ష్యం" అని రాశావేమో, అది తీసెయ్. అది నువ్వు ఇచ్చిన తీర్పు. రాసింది 20, లెక్కిస్తే 28, ఇంత మందికి ఒక్కరు: ఇవి రాయి. తర్వాత ఎందుకు, ఎందుకు అని వెనక్కి వెళ్ళు. టైమ్ లేకనా, రెస్పిరేషన్ లెక్కపెట్టే అలవాటు వార్డులోనే పోయిందా, ఖాళీ వదిలితే తిడతారన్న భయమా? పాత ఇన్‌ఛార్జి గారు చెప్పిన స్టాఫింగ్ ఇక్కడికి వస్తుంది. అది కారణం అవుతుంది, సమర్థన కాదు.

ఆల్టర్నేటివ్స్‌లో మౌనంగా ఉండటం కూడా ఒకటిగా పెట్టి, దాని ఫలితమేంటో రాయి. అక్కతో ఒంటరిగా మాట్లాడటం, వార్డు ఇన్‌ఛార్జికి చెప్పడం, ఇన్సిడెంట్ రిపోర్టు, ఒక్కోదానివల్ల ఎవరికి మేలు, ఎవరికి నష్టం అని చూడు. పాత ఎంట్రీ కొట్టేసి 28 దిద్దొద్దు, నువ్వు లెక్కపెట్టిన టైముతో వేరే ఎంట్రీ ఉండాలి. హాస్పిటల్ పేరు, బెడ్ నంబరు, అక్క పేరు ఏవీ అసైన్‌మెంట్‌లో వద్దు.

ఇంకోటి. కాగితం మీద రాసే ముందు అక్కతో మాట్లాడు, తర్వాత వార్డు ఇన్‌ఛార్జికి చెప్పు. ఎల్లుండి సబ్మిషన్ కంటే అదే ముందు.

ట్యూటర్ మేడమ్:
లెవిన్ థియరీ తీసేయనక్కర్లేదు, చార్టింగ్ అలవాటు మార్చే ప్లాన్ దగ్గరికి జరపండి.

పాత ఇన్‌ఛార్జి:
ఇన్సిడెంట్ రిపోర్టు రాస్తే చివరికి మెమో ఆ సిస్టర్‌కే వస్తుంది. పోస్టులు నింపనివాళ్ళకి ఎప్పుడైనా వచ్చిందా?

లండన్ సిస్టర్:
అందుకే రిపోర్టులో ఆ రాత్రి స్టాఫింగ్ అంకె కూడా రాయాలండి. రాయకపోతే అది ఎక్కడా రికార్డే కాదు.

ఎమ్మెస్సీ రెండో ఏడు:
థాంక్స్ అండి అందరికీ. అక్కకి ఇప్పుడే ఫోన్ చేశాను, డ్యూటీలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. పొద్దున వార్డుకి వెళ్తాను.

థీసిస్ గోల:
డిజర్టేషన్ టాపిక్ ఇంకా ఫిక్స్ కాకపోతే చెప్పండి, రెస్పిరేషన్ చార్టింగ్ మీద మంచి స్టడీ అవుతుంది.