అప్‌డేట్: నాన్నగారి 12 బోర్ తుపాకీ అమ్మకం పూర్తయింది

మా నాన్నగారి డబుల్ బ్యారెల్‌ను లైసెన్సున్న తెలిసినాయనకు నేరుగా అమ్మొచ్చా, రెన్యూవల్ కూడా దగ్గరపడింది, ముందు ఏది చెయ్యాలి అని అడిగాను కదా. అమ్మకం అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 చూడమన్నవారి మాటే పనికొచ్చింది. కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ రాసిచ్చి, కనీసం 45 రోజులు ఆగాకే తుపాకీ చేతులు మారాలి. ఈలోగా లైసెన్సు గడువు తీరితే తుపాకీ ఇంట్లో ఉండటమే నేరం. అందుకే లాయరు గారు రెన్యూవల్ ముందు పెట్టించారు. ఈ 45 రోజుల గడువు మంచిదే అనిపించింది, ఆయుధం ఎవరి చేతికి వెళ్తోందో పోలీసులకు ముందే తెలియాలి.

ఆలస్యమైంది ఒక్కచోటే. బ్యారెల్ మీద నంబరు అరిగి, చివరి 8 కాస్తా 3లా కనిపించింది. నూనెగుడ్డతో తుడిచి టార్చి ఏటవాలుగా వేస్తే లైసెన్సులోని నంబరుతో సరిపోయింది.

స్టాంపు పేపరు అగ్రిమెంటు మమ్మల్ని ఎవరూ అడగలేదు. కొనేవారి లైసెన్సులో ఇప్పటికే ఎన్ని తుపాకులున్నాయో మాత్రం తప్పక చూడండి, 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక్కరికి రెండే.