చాయ్ హోటల్లో మాకు వేరే కప్పు: రుజువు చేసేదెట్లా?

మాది హనుమకొండ జిల్లాలో ఓ పల్లె. మాదిగవాడ పిల్లలం ఏడుగురం రాత్రిళ్లు రాజ్యాంగం చదువుకుంటున్నాం. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం దగ్గరికి రాగానే చాయ్ హోటల్ గుర్తొచ్చింది. మిగతావాళ్లకు గాజు గ్లాసు, మాకు పేపర్ కప్పు. చిన్నప్పటి నుంచి తాగుతున్నా మాకెవరికీ తట్టలేదు!

అడిగితే హోటలాయన ‘పార్సిల్ అనుకున్నా’ అంటాడు. బెంచీ మీద కూర్చున్నోళ్లకు పార్సిలేంది? పెద్దమనుషులు సర్దుకుపొమ్మన్నారు. మూడు వారాల కింద స్టేషన్లో దరఖాస్తు ఇస్తే ఆధారం లేదన్నారు. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని చూపించినా వినలేదు. ఫోన్లో వీడియో తీశాం. అందులో కప్పు కనబడుతుంది గానీ కులం కనబడదు కదా.

ఇప్పుడు పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపబోతున్నాం. ఇలాంటి కేసు నడిపినవాళ్లు చెప్పండి: ఈ తేడా కులం వల్లేనని చూపడానికి దరఖాస్తుతో ఏ ఆధారం జతచేయాలి?