మార్పు చేప పిల్లల తొట్టెకు గాలి పంపు అవసరమా?

పటమట సభ్యుడు, విజయవాడ:
రెండడుగుల గాజు తొట్టెలో వేలెడంత మార్పు పిల్లలను ఐదింటిని నెల రోజులుగా పెంచుతున్నాను. మార్పు గాలి పీల్చే చేప కాబట్టి పంపు ఖర్చు దండగ అని చేపలు ఇచ్చినవారు చెప్పడంతో పంపు తీసేశాను. అయితే వారం నుంచి పిల్లలు పదేపదే పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. ఇది సహజమేనా, లేక పంపు తిరిగి పెట్టాలా?

గుణదల సభ్యుడు, విజయవాడ:
పెట్టనక్కరలేదు. మా ఊరి చెరువు వేసవిలో అడుగంటి మిగతా చేపలన్నీ చచ్చి తేలినా మార్పులు బురదలో బతికే ఉండేవి. చిన్నప్పుడు వాటిని చేతులతో పట్టబోయి, రెక్కముల్లు గుచ్చుకుని రాత్రంతా బాధపడిన రోజులు నాకింకా గుర్తున్నాయి. పైగా బుడగల చప్పుడుకు పిల్లలు బెదిరి మూలకు నక్కుతాయి. వాటి తీరు గమనించాలనుకునేవారికి నిశ్చలమైన నీరే మేలు.

బ్రాడీపేట సభ్యుడు, గుంటూరు:
గుణదల మిత్రుని అనుభవాన్ని నేను కాదనను. కానీ చెరువుకు చెల్లేది తొట్టెకు చెల్లదు. మార్పుకు మొప్పల పైన ఉన్న గదిలో చెట్టు కొమ్మల్లా చీలిన అవయవం ఉంటుంది, నోటితో అందుకున్న గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలో చేరుతుంది. అది ఆక్సిజన్ కొరతను తీరుస్తుందే తప్ప, చేప మొప్పల గుండా నీటిలోకి వదిలే అమ్మోనియాను తీసివేయలేదు. చెరువులోని విస్తారమైన నీరు, పాచి, బురద ఆ మలినాన్ని భరిస్తాయి. మీ తొట్టెలో ఉన్నది బహుశా 50, 60 లీటర్లే. అక్కడ ఆ పని చేయవలసింది గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరులో పెరిగే బాక్టీరియా, అది అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చాలంటే నీటిలో ఆక్సిజన్ ఉండి తీరాలి. నీరు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగేది 35 డిగ్రీల వద్ద సుమారు 7కు పడిపోతుంది, మన మే నెల సంగతి వేరే చెప్పాలా! కాబట్టి పంపు చేప కోసం కాదు, ఆ బాక్టీరియా కోసం.

ఇక పదేపదే పైకి రావడం గురించి. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది, నైట్రైటు రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది, అప్పుడు చేప ఎక్కువసార్లు గాలి అందుకోక తప్పదు. నేను రోజూ రాత్రి తొమ్మిదింటికి దీపం తగ్గించి ఒక పిల్లనే పది నిమిషాలు చూస్తాను. మీసాలతో ఇసుకను తడుముతున్నది కాస్తా ఒక్కసారిగా నిటారుగా లేచి, నోటిని నీటిమట్టానికి తాకించి, తిరిగి దిగుతూ మొప్పల పక్క నుంచి రెండు మూడు బుడగలు విడుస్తుంది. మామూలుగా నాలుగైదు సార్లు వచ్చేది, స్పాంజి మూసుకుపోయిన వారంలో పదమూడు సార్లు వచ్చింది. స్పాంజిని కుళాయి కింద కాక తొట్టె నీటిలోనే పిండి, క్లోరిన్ పోవడానికి ఒకరోజు బకెట్టులో నిలవ ఉంచిన నీటితో పావువంతు మార్చాక మూడు రోజులకు లెక్క మళ్లీ ఐదుకు దిగింది.

చప్పుడు విషయంలో మాత్రం గుణదల మిత్రునిదే న్యాయం. ఈ జాతి చేపల్లో గాలితిత్తిని చెవితో కలిపే చిన్న ఎముకల వరుస ఉండడం వల్ల వాటి వినికిడి చాలా చురుకు. పంపును బల్ల మీద పెట్టక గోడకు వేలాడదీసి, గాలి తగ్గించి, పిల్లలు దాక్కోవడానికి పగిలిన కుండ పెంకు ఒకటి తొట్టె అడుగున ఉంచండి. మరొక మాట: ఈ పిల్లలు కేంద్రం 2000లో పెంపకాన్ని నిషేధించిన ఆఫ్రికన్ రకం కావని నిర్ధారించుకోండి, ఏ రకమైనా సరే బందరు కాలువలో వదలకండి.

గుణదల సభ్యుడు:
బాక్టీరియా సంగతి ఒప్పుకుంటాను. అయినా వారానికి రెండుసార్లు మూడోవంతు నీరు మార్చే ఓపిక ఉన్నవారికి పంపు లేకున్నా గడుస్తుందని నా నమ్మకం.

బ్రాడీపేట సభ్యుడు:
వేలెడంత ఉన్నంతకాలం గడవవచ్చు. జానెడు దాటి తిండి పెరిగాక, ఒక్కసారి నీరు మార్చడం మరిచినా ఆ మూల్యం పిల్లలే చెల్లిస్తాయి.

పటమట సభ్యుడు:
ఈ రాత్రి లెక్కించాను, పది నిమిషాల్లో పదకొండు సార్లు వచ్చింది. పావువంతు నీరు మార్చి, పంపును గోడకు తగిలించాను. గాలి అందుకోవడానికి మూతకూ నీటికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలాను. మూడు రోజుల తర్వాతి లెక్కను ఇక్కడే రాస్తాను.