సిగ్నల్ దగ్గర బస్సుకు ముందు దారి ఇస్తే అడ్డరోడ్డు వాళ్ల సంగతేంటి?

అడ్డరోడ్డు_కారు:
మెయిన్ రోడ్డు మీద బస్సు వస్తుంటే గ్రీన్ కాస్త ఎక్కువసేపు ఉండేలా మార్పు చేసి నెలన్నర అయింది. నేను రోజూ అడ్డరోడ్డులోంచి వస్తాను. పొద్దున పూట రెడ్ ఎంతకీ పోవడం లేదు. బస్సులోవాళ్లకు మేలు జరుగుతుంటే ఆగడానికి నాకు అభ్యంతరం లేదు. నిజంగా జరుగుతోందా? తెలిసినవాళ్లు చెప్పండి.

సిగ్నల్_పనివాడు:
ఈ టైమింగులు పెట్టడమే నా పని. బస్సు కనబడగానే సిగ్నల్ మారిపోదండీ, అది ఫైరింజన్లకు చేసే ఏర్పాటు. బస్సుకైతే ఉన్న గ్రీన్‌ను కొన్ని సెకన్లు పొడిగిస్తాం, లేదంటే రెడ్‌ను కొంచెం ముందే ముగిస్తాం. నడిచేవాళ్లు రోడ్డు దాటడానికి కావలసిన సమయంలో మాత్రం కోత పెట్టకూడదు. అడ్డరోడ్డు దగ్గర తీసుకున్న సెకన్లు తర్వాతి సైకిల్లో, అంటే అన్ని వైపులకూ ఒకసారి గ్రీన్ వచ్చి వెళ్లే చుట్టులో, తిరిగి ఇవ్వొచ్చు. మీ దగ్గర అది పెట్టలేదేమో, లేదా బస్సులు వెంటవెంటనే వచ్చి ప్రతి సైకిల్లోనూ గ్రీన్ అడుగుతున్నాయేమో.

డిపో_డ్రైవర్:
అసలు చిక్కు స్టాప్ ఎక్కడుందన్న దాంట్లో ఉంది. మా రూట్లో మొదట స్టాప్ సిగ్నల్‌కు ముందు ఉండేది. నేను జనాన్ని ఎక్కించుకుంటుంటే అటు గ్రీన్ పొడిగించేవారు. తలుపు మూసి కదిలేసరికి రెడ్. అడ్డరోడ్డు వాళ్లను ఊరికే ఆపినట్టయ్యేది, చూస్తుంటే బాధగా ఉండేది. స్టాప్‌ను జంక్షన్ దాటాక పెట్టారు. ఇప్పుడు వచ్చిన గ్రీన్‌లోనే దాటిపోయి, అవతల ఆపుతున్నాను.

రోజూ_బస్సే:
ఎక్కేవాళ్లకు నిమిషం మిగలడం కన్నా బస్సు చెప్పిన టైముకు రావడం ముఖ్యం. ఒక బస్సు లేటైతే దాని కోసం ఎక్కువమంది పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా లేటు. వెనకది ఖాళీగా వచ్చి దాన్ని అంటుకుంటుంది. అందుకే లేటుగా నడిచే బస్సుకే గ్రీన్ ఇవ్వాలంటాను. ముందే వచ్చేసిన బస్సుకు ఇస్తే అది ఇంకా ముందుకు పోతుంది, స్టాపుకు సరిగ్గా టైముకు చేరినవాళ్లు బస్సు తప్పిపోయి నిలబడాలి.

పాత_రూట్లు:
లాస్ ఏంజెలిస్‌లో 2000లో రాపిడ్ బస్సులు మొదలైనప్పుడు ప్రయాణ సమయం సుమారు నాలుగో వంతు తగ్గింది. అందులో సిగ్నళ్ల వాటా దాదాపు మూడో వంతే. స్టాపులు తగ్గించడం లాంటి మార్పులు మిగతాది చేశాయి. కాబట్టి సిగ్నల్ ఒక్కటే అన్నీ చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

సిగ్నల్_పనివాడు:
అవును. ఇంకో మాట, లెక్క బళ్లతో కాదు, మనుషులతో వేయాలి. 40 మంది ఉన్న బస్సుకు 10 సెకన్లు మిగిలితే 400 సెకన్లు. అడ్డరోడ్డులో 20 మంది 10 సెకన్లు ఆగితే 200. అయితే అడ్డరోడ్డులోనూ నిండు బస్సులు నడుస్తుంటే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ నేనైతే చాలా జాగ్రత్తగా పెడతాను.

అడ్డరోడ్డు_కారు:
వారం రోజులు టైములు రాసుకున్నాను. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకానే ఇబ్బంది, ఆ అరగంటలోనే మూడు రూట్ల బస్సులు వరసగా వస్తున్నాయి. మిగతా వేళల్లో నాకు తేడా ఏమీ లేదు. ఆ కాగితం సిగ్నళ్లు చూసేవాళ్లకు ఇచ్చి వచ్చాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.