హరితరేణువుకు వెలుతురు తెలుస్తుందా, కేంద్రకం చెబితేనే కదులుతుందా?

బీజదళం: చీకట్లో మొలిచిన మొక్క పాలిపోయి సన్నగా సాగుతుంది, వెలుతురు తగలగానే పచ్చబడుతుంది. ఆ వెలుతురును పసిగట్టేది హరితరేణువేనా, లేక కేంద్రకం ఆజ్ఞకు అది తలూపుతుందా?

కేంద్రకవాది: ఇందులో చర్చ ఏముందండీ? ఎరుపు కాంతిని ఫైటోక్రోమ్, నీలికాంతిని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్లు పట్టుకుంటాయి. చీకట్లో పిఫ్ ప్రోటీన్లు పచ్చదనపు జన్యువులను తొక్కిపెట్టి ఉంచుతాయి. వెలుతురు పడగానే ఫైటోక్రోమ్ కేంద్రకంలోకి వెళ్లి వాటి పని పడుతుంది. హరితరేణువులో ఉండే సుమారు 3,000 ప్రోటీన్లలో దాని సొంత జన్యువుల నుంచి వచ్చేవి 80 చిల్లర. మిగతాదంతా కేంద్రకం పెట్టిన భిక్షే.

పసుపుమొలక: లెక్కలు సరే. చీకట్లో హరితరేణువు పసిరూపమైన ఎటియోప్లాస్ట్‌లో పత్రహరితానికి ముడిసరుకైన ప్రోటోక్లోరోఫిల్లైడ్ తయారై, పోర్ అనే ఎంజైమును పట్టుకుని కూర్చుంటుంది. పూలమొక్కల్లో ఆ ఎంజైము వెలుతురు లేనిదే పనిచేయదు. ఒక్క మెరుపు చాలు, అది పత్రహరితానికి ఒక్క మెట్టు కింద ఉండే క్లోరోఫిల్లైడ్ అయిపోతుంది. ఆ రెప్పపాటులో కేంద్రకానికి ఒక్క జన్యువైనా చదివే వ్యవధి ఉందా? పోనీ, చీకట్లో వెలుతురు స్పందనలను అణిచి ఉంచే కాప్1 ప్రోటీన్ దెబ్బతిన్న మొలకలను చూడండి. వెలుతురు వచ్చేసిందనుకుని కేంద్రకం చీకట్లోనే బీజదళాలు విప్పేస్తుంది. పచ్చబడతాయా? పడవు.

రాత్రిపక్షి: పైన్ మొలకలు చీకట్లోనే పచ్చబడతాయి మరి.

పసుపుమొలక: వాటికి వెలుతురు అక్కర్లేని ఇంకో ఎంజైము ఉంది. దాని జన్యువులు హరితరేణువులోనే ఉన్నాయి. నా వాదనకే బలం.

కేంద్రకవాది: ఫోటాన్ తగిలింది, రసాయన చర్య జరిగింది. సరే. పోర్ ఎవరికి కబురు పెట్టింది? ఇదొక్కటి చెప్పండి, ఎవరికి?

పసుపుమొలక: ఫ్లూ జన్యువు చెడిన ఉత్పరివర్తనం తెలుసు కదా. చీకట్లో ప్రోటోక్లోరోఫిల్లైడ్ అదుపు లేకుండా పేరుకుంటుంది. వెలుతురులోకి తెస్తే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన విష ఆక్సిజన్ పుట్టి మొలక చస్తుంది. హరితరేణువులో ఆ ఆక్సిజన్ కబురు మోసే ఎగ్జిక్యూటర్1 ప్రోటీన్ కూడా లేకపోతే అదే ఆక్సిజన్ పుట్టినా బతుకుతుంది. అంటే చంపింది విషం కాదు, కబురు.

కేంద్రకవాది: ఎటు తిరిగినా పోర్ దగ్గరికే వస్తున్నారు.

పసుపుమొలక: మా గైడుదీ ఇదే ధోరణి. హరితరేణువు వైపు నుంచి చూద్దామన్నందుకు ఏళ్ల తరబడి చేసిన పని పక్కన పెట్టించాడు. ఫైటోక్రోమ్ మీద రాస్తేనే సంతకం అన్నాడు. మీలాంటివాళ్లు ప్రతి లాబ్‌లోనూ ఉంటారు.

చిన్నాకు: ఎవరి మీద కోపం ఎవరి మీద చూపిస్తున్నారండీ?

కేంద్రకవాది: గైడు బాధ నా మీద రుద్దకండి. నేను ఒప్పుకోనిది మీ సాక్ష్యాలను. హరితరేణువు కబురు కేంద్రకానికి చేరని గన్ ఉత్పరివర్తనాలను వెతికిన 1993 నాటి ప్రయోగాలే తీసుకోండి. నార్‌ఫ్లూరజాన్ అనే కలుపుమందు పెట్టి, ఎండ దెబ్బ నుంచి కాపాడే కెరోటినాయిడ్ రంగులు లేకుండా చేస్తారు, వెలుతురులో హరితరేణువును మాడుస్తారు, ఆపైన కేంద్రకంలో జన్యువులు ఆగిపోయాయి చూడండంటారు. అది చచ్చేముందు పెట్టే గావుకేక. నిక్షేపంగా పెరిగే మొలకలో జరిగే మాటామంతీకి అది సాక్ష్యమా? మీ ఫ్లూ కూడా అంతే. అన్నీ శవపరీక్షలే.

పసుపుమొలక: ఈ ముక్క మొదటే అనొచ్చుగా! హరితరేణువులో ఉండే గన్1 ప్రోటీన్ లోపించిన మొలకలను ఏ మందూ లేకుండా చీకట్లో పెంచి వెలుతురులోకి తెస్తే పచ్చబడటానికి తడబడతాయి. అక్కడ ఎవరు మాడ్చారు?

కేంద్రకవాది: పచ్చబడటానికి గన్1 కావాలని తేలింది, అంతవరకే. యాంటీబయాటిక్ లింకోమైసిన్‌తో హరితరేణువులో ప్రోటీన్ల తయారీ ఆపినా గన్1 ద్వారానే కేంద్రకం జన్యువులు మూతపడతాయి. కాబట్టి అది చెప్పేది లోపలి ఆరోగ్యం గురించి. వెలుతురు గురించే అని ఎలా అంటారు?

పసుపుమొలక: మొలకలో ఆ ఆరోగ్యాన్ని నిలబెట్టేది, చెడగొట్టేది వెలుతురే కదండీ. రెంటినీ ఎక్కడ విడదీస్తారు?

కేంద్రకవాది: విడదీసే ప్రయోగం చేసి రండి, అప్పుడు మాట్లాడదాం.

రాత్రిపక్షి: కేంద్రకం తీసేసిన ఫెర్న్ కణంలోనూ వెలుతురును బట్టి హరితరేణువులు జరుగుతాయి. నీలికాంతిని పట్టే ఫోటోట్రోపిన్2 ప్రోటీన్ వాటి బయటి పొర మీద కూడా దొరికింది.

కేంద్రకవాది: అది కదలిక. ఇక్కడ మాట్లాడేది పచ్చబడటం గురించి. వేరే థ్రెడ్ పెట్టండి.

పసుపుమొలక: పెట్టొద్దు, ఇక్కడే ఉండనివ్వండి. కేంద్రకం లేకుండానే జరుగుతోందట, చదివారా?